బంతి గాల్లో ఉన్నంతసేపు

మా అమ్మాయి చూసే జపాను కార్టూన్లలో బంతి ఒకసారి పైకి లేచిందంటే ఇక కిందికి రాదు. నేను పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు లేచిన బంతి, బియ్యం కడిగి పోసి వచ్చినా గాల్లోనే ఉంటుంది. ఈలోపు దాన్ని కొట్టబోయే పిల్లవాడి చిన్నతనం, వాళ్ల నాన్న పోయిన రోజు, అవతలి జట్టువాడి కష్టాలు అన్నీ చెప్పేస్తారు. వాటిని కార్టూన్లని అంటే మా అమ్మాయికి కోపం. అనిమే అనాలట.

మాది కోవూరు. నేను ఇంట్లోనే మిషను కుడతాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. దానికి ఉబ్బసం ఉంది. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎలా చేరాయో ఆ ప్రభువుకే తెలియాలి. కూతకు వెళ్లినవాళ్లు అవతలి జట్టులోకి పోయి మధ్యగీతకు తిరిగొచ్చేదాకా గుక్క తిప్పుకోకుండా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూనే ఉండాలి. ప్రపంచంలో ఇన్ని ఆటలుంటే నా కూతురికి ఇదే నచ్చింది.

దానికి ప్రాణమైన సిరీస్ ఒక వాలీబాల్ కథ. అందులో పిల్లవాడి చీలమండ వాచిపోతుంది. కోచ్‌కు చెప్పకుండా బూటు లోపల గుడ్డ బిగించి కట్టుకుని ఆడి గెలుస్తాడు. పాట మొదలవుతుంది, మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంది. నాకు మాత్రం ఆ కథ రాసినవాళ్ల మీద ఒళ్లు మండేది. ఆ పిల్లవాడి మనసులో మాటలన్నీ వినిపిస్తారు గానీ, వాళ్లమ్మ ఏమనుకుందో ఒక్క ముక్క చెప్పరు. ఆమె ఒకేఒకసారి కనిపిస్తుంది, అదీ క్యారియర్ సర్దుతూ.

నాకు నచ్చింది వేరే సిరీస్. పరుగుపందేల్లో పరిగెత్తే అమ్మాయిల కథ, తెలుగులో డబ్బింగ్ కూడా ఉంది. అందులో పందెం సరిగ్గా చూపించనే చూపించరు. విజిల్ మోగుతుంది, వెంటనే సాయంత్రమైపోతుంది, గోడ మీద బూట్లు ఆరుతుంటాయి. ఒక పిల్ల తన కాలినొప్పి సంగతి తనే చెప్పి బెంచీ మీద కూర్చుంటుంది. కథ కూడా ఆ పిల్ల పక్కనే కూర్చుంటుంది.

“ఏందమా ఇది, ఉప్పులేని పప్పు మాదిరి” అనేది మా అమ్మాయి.

“ఉప్పు తగ్గినందుకు ఎవురూ చావలేదులే” అనేదాన్ని.

జిల్లా జట్టు సెలెక్షన్లు గూడూరులో పెట్టారు. ఆడే పిల్లల్లో ఎవరు పుట్టించారో గానీ ఒక మాట ఉండేది. ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్ పంపు పీలిస్తే డోపింగ్ కిందికి వస్తుందని, కనబడితే ఇంటికి పంపేస్తారని. మా అమ్మాయి అదే పట్టుకుంది.

“కబడ్డీ సార్‌కి చెప్పబాకమా. పంపు నీ బ్యాగులో ఉంటే చాలు.”

సరేనన్నాను. పరిగెత్తకు, తడవకు, ఐస్ తినకు అని దాన్ని పెంచాను. అది తానుగా కావాలని అడిగింది ఇదొక్కటే. కాదనడానికి నోరు రాలేదు. కానీ బస్సెక్కిన దగ్గర్నుంచి బ్యాగులో చెయ్యి పెట్టి పంపు ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను.

గ్రౌండంతా దుమ్ము. నేను గీతకు దగ్గరగా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయి మొదటి రెండు కూతలకు బాగానే వెళ్లొచ్చింది. మూడోసారి గొంతు సన్నబడింది. పిల్లికూతలు రాబోయే ముందు దాని గొంతు ఎలా మారుతుందో నాకు తెలుసు, సూది విరగబోయే ముందు మిషను చప్పుడు తెలిసినట్టే. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఎవరికీ వినిపించలేదు.

దాని సిరీస్‌లో అయితే ఇక్కడ అన్నీ ఆగిపోయేవి. దాన్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ వీపు నిమిరిన రోజులు చూపించేవాళ్లు. చెప్పాలా వద్దా అని ఆలోచించుకోవడానికి నాకూ ఒక ఎపిసోడ్ దొరికేది. ఇక్కడ కూతంటే అర నిమిషం. ప్రార్థన చేద్దామంటే నా నోట్లో కూడా ‘కబడ్డీ కబడ్డీ’ అనే వస్తోంది. మా అమ్మాయి వెనక్కి తిరిగి గీత వైపు అడుగులు వేస్తూ నన్ను చూసింది. వద్దని తల ఊపింది.

నేను లేచి నిలబడ్డాను. “సార్, ఆపండి. పిల్లకి ఊపిరాడ్డం లేదు.”

కూత తెగిపోయింది. అవుట్. గీత దగ్గరే కూలబడిపోయింది. నేను లోపలికి పరిగెత్తి నోటికి పంపు పెట్టాను. సార్ వచ్చి పక్కన కూర్చుని అది తేరుకునేదాకా కదలలేదు.

“పంపు పీలిస్తే తప్పని ఎవురు చెప్పినారు తల్లీ మీకు? ముందే చెప్పుంటే నా జేబులోనే పెట్టుకోనుండేవాణ్ణి గదా” అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “డాక్టరు సరేననేదాకా ఆడించలేనమ్మా. ఈ ఏటికి ఇంతే” అన్నారు.

తిరుగు బస్సులో సగం దారి దాటేదాకా మా అమ్మాయి కిటికీ వైపే చూసింది. తర్వాత ఒక్క మాట అంది. “ఇంకొక్క అడుగమా. గీత ముట్టుకోనుండేదాన్ని.”

ముట్టుకునేదేమో. ముట్టుకోకముందే పడిపోయేదేమో. నేను అరిచాను కాబట్టి ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు. దాని ఊపిరి ఆగుతుందేమోనని ఎంత భయపడ్డానో, ఆ ఒక్క అడుగును నేనే లాక్కున్నానేమోనని ఇప్పుడు అంత భయంగా ఉంది.

ఆ సాయంత్రం అన్నం తిననంది. కాసేపటికి తనే వచ్చి మిషను పక్కన కూర్చుని, ఫోన్‌లో నా సిరీస్ పెట్టింది, నేను ఆపిన చోటు నుంచే. తెర మీద ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ల పరుగు చూస్తోంది. నేను తెర చూడడం లేదు. పక్కన దాని ఊపిరి వింటున్నాను.

“ఈ పిల్ల మళ్లా పరిగెత్తుతుందా అమా? నువ్వు చూసినావు గదా.”

నేనూ అక్కడిదాకే చూశాను.