మూడో రీడింగు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను పగలబడి నవ్వేవాణ్ణి. మా ఆవిడ తన పుట్టింటివైపు వింతలు ఏవైనా చెప్పబోతే "రీడింగు ఎంత వచ్చింది?" అని అడిగి తిట్లు తినేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం జరిగినదాన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు.

అప్పట్లో నాచారంలో మైకు సెట్లకు ఆంప్లిఫయర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఫంక్షన్ హాళ్లకూ గుళ్లకూ బడులకూ మా సరుకు వెళ్లేది. టెస్టింగ్ నాది. ప్రతి సెట్టునూ మీటర్లతో కొలిచి, అంకెలు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాలి.

నా సంతకం పడ్డాక కూడా సెట్టు గేటు దాటేది కాదు. యాదగిరన్న వినాలి. కీసర దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఫ్యాక్టరీ తెరిచిన రోజు నుంచీ ఉన్న మనిషి. పాట పెట్టి వినడం ఆయన పద్ధతి కాదు. మైకు పీకేసి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, స్పీకరుకు చెవి ఆనించి, ఆ ఉత్త సుయ్యిమనే చప్పుడు వినేవాడు. బాగుంటే సెట్టు వెనకాల సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. గీత లేని సెట్టును ప్యాకింగ్ వాళ్లు ముట్టుకునేవారు కాదు.

నాకు ఒళ్లు మండేది. నా చదువూ నా మీటర్లూ ఒక సుద్దగీత కింద నిలబడాలా? ఓనరు చెవిలో జోరీగలా పోరగా పోరగా, చివరికి ఆయన ఒప్పుకున్నాడు. పరీక్ష పెట్టు, మీటరు చెప్పనిది అతని చెవి ఏమీ చెప్పలేదని తేలితే అతన్ని ప్యాకింగుకు మార్చేద్దాం అన్నాడు.

మీటరు ప్రకారం అచ్చం ఒకేలా ఉన్న పది సెట్లు ఏరి, పాత దుప్పటి కప్పి, ఒక్కొక్కటే ఒకే స్పీకరుకు తగిలించాను. యాదగిరన్నను బయట నిలబెట్టి వరస మార్చి, మూడుసార్లు వినిపించాను. మూడుసార్లూ ఒకే సెట్టు దగ్గర ఆగాడు. గుడ్డిగా చెప్పినా నూటికి ఒకసారి అలా కుదురుతుందిలే అనుకున్నాను.

"ఏం లోపం ఉంది దీంట్లో?" అని అడిగాను.

"లోపం గాదు సార్. దీంట్ల ఎవరో పండుకున్నరు."

నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాను. నుదుటి నిండా చెమట.

"పెద్దమనిషి సార్. మూడుసార్లు మంచిగనే ఊపిరి తీస్తుండు. నాలుగోసారి ఆగుతుండు. గొంతుల జర మూల్గి మల్ల తీస్తుండు."

నేనూ చెవి పెట్టాను. సుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ ఆయన చెప్పిన ఆ ఊపిరి లెక్క నాకు తెలిసిందే. ఉప్పల్లో మా అద్దె ఇంట్లో నాన్న సరిగ్గా అలాగే నిద్రపోయేవాడు. రైల్వేలో రిటైరై మా దగ్గరే ఉండేవాడు. ఆ నాలుగో ఊపిరి ఎప్పుడు వస్తుందా అని ఎన్నో రాత్రులు పక్కగదిలో మేలుకుని ఉన్నాను. యాదగిరన్న మా ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. నాన్న నిద్ర సంగతి నేను ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు.

భయం వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఎవరినో అడిగి తెలుసుకుని, చోటు కాపాడుకోవడానికి నాటకమాడుతున్నాడు అనుకున్నాను.

టెస్టింగులో నేనే పెట్టిన నియమం ఒకటుంది. అనుమానం వచ్చిన సెట్టుకు అరగంటకొకటి చొప్పున మూడు రీడింగులు తీయాలి. మూడూ అయ్యేదాకా బల్ల దగ్గరనుంచి లేవకూడదు. ఒంటిగంటా నలభైకి మొదటిది రాశాను, రెండూ పదికి రెండోది. తేడా లేదు.

యాదగిరన్న చెవి తీయలేదు. "ఇప్పుడు రెండుసార్లకే ఆగుతుండు సార్," అన్నాడు. చెవి అలాగే ఉంచి, కళ్లు మాత్రం నావైపు తిప్పి, "మీకు ఎరుకైన మనిషే గదా? మీ మొఖం జూస్తెనే తెలుస్తుంది. ఒక్కపారి పోయి సూసి రాండ్రి సార్. నన్ను ప్యాకింగుల ఏస్తె ఏయిండ్రి, ఫికర్ లేదు," అన్నాడు.

"మూడో రీడింగు అవనీ," అన్నాను.

ఇంటికి బండి మీద పావుగంట. ఫోనైనా చేయొచ్చు. నిద్రపోయే మనిషిని లేపడం ఎందుకని చేయలేదని తర్వాత అందరికీ చెప్పాను. అది అబద్ధం. ఫోను చేస్తే ఆయన చెవి గెలిచినట్టు అవుతుందని చేయలేదు.

రెండూ నలభైకి మూడో అంకె రాస్తుండగా యాదగిరన్న స్పీకరు మీంచి తల ఎత్తాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయిపోయింది సార్."

నేను మీటరు వైపే చూస్తున్నాను. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అప్పుడు తీశాను బండి. ఎలా నడిపానో గుర్తులేదు. టీచరుగా పనిచేసే మా ఆవిడ ఇంకా స్కూలు నుంచి రాలేదు. నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, గంట కూడా అయ్యుండదు, నిద్రలోనే ఊపిరి ఆగిపోయిందన్నాడు. అరగంట ముందు వచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, బయటికి వెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు.

యాదగిరన్న చెవి పరీక్ష ఉండాల్సిందేనని ఓనరుకు రాసిచ్చాను. ఆ సెట్టును నేనే ఇంటికి తెచ్చుకుని, విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచాను. ఏ లోపమూ దొరకలేదు. ముసలివాళ్లు చాలామంది అలాగే ఊపిరి తీస్తారని, అదంతా కాకతాళీయమని నాకు నేనే చెప్పుకుంటాను. రెండూ నలభై దగ్గరికి వచ్చేసరికి ఏమీ చెప్పుకోలేకపోతాను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఫ్యాక్టరీ మూతపడింది. యాదగిరన్న చెప్పి పోదామని మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సెట్టు ఆన్ చేసి వినమన్నాను. చాలాసేపు విన్నాడు. "ఖాళీగున్నది సార్," అన్నాడు. జేబులో వెతికి సుద్దముక్క తీసి, వెనకాల గీత గీశాడు.

ఆ రోజు ఆయన ఏం విన్నాడో, ఎలా విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం వేళ వాల్యూమ్ పూర్తిగా తిప్పి చెవి ఆనించి కూర్చుంటాను. ఒక్క మూలుగు వినిపిస్తే చాలనిపిస్తుంది. ఏమీ వినిపించదు. ఆనాటి టెస్టు కాగితం బీరువాలో ఉంది. మూడు రీడింగులూ ఒకటే. కింద నా చేత్తో "పాస్" అని రాసి, సంతకం పెట్టి ఉంది.