వైరు చూసి చెప్పిన వయసు

మొన్న ఆదివారం మా మనవరాలి మొగుడు శ్రీ సిటీ నుంచి వస్తా వస్తా ఒక పాత వాక్యూమ్ క్లీనర్‌ను కారులో వేసుకొచ్చినాడు. పాత మిషన్లు పోగేయడం ఆ అబ్బాయికి పిచ్చి. ఇది ఏ కాలందో తాతయితే ఇట్టే చెప్తాడని ఎవరో అన్నారంట. స్క్రూలన్నీ విప్పి, లోపల చూసి, తెలిసింది చెప్పి పంపినాను గానీ, ఆ పొద్దు నుంచి మనసు మనసులో లేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తిరుపతిలో తివాచీలు పరిచిన లాడ్జీలు ఏ నాలుగో ఐదో, వాటిల్లో మిషన్లన్నీ మద్రాసు పాత సామాన్ల అంగళ్ళ నుంచి వచ్చినవే, అమ్మేవాళ్ళు కంపెనీ పేరూ సంవత్సరమూ ఉండే రేకులు ముందే పీకేసి ఉంటారు గనక ఏది ఎన్నేళ్ళదో తెలియాలంటే మా మేనమామ రిపేరు అంగడికి రావాల్సిందే. ఆయన దగ్గరే నేను పని నేర్చినాను. నూలు తొడుగు వైరు, రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే బాగా పాతది, దానికి ఎర్తు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ, ఉండదు. రబ్బరు వైరు, మూడు పిన్నులు ఉంటే తర్వాతి మోడలు. ఇన్ని గుర్తులు తెలిసీ మామ ఏనాడూ మిషను విప్పి చూడందే నోరు విప్పేవాడు కాదు. నేనా, ఇరవై రెండేళ్ళ పొగరు! బయట నుంచే చూసి వయసు చెప్పేసి, బెంచీ మీద కూర్చున్నోళ్ళ చేత అబ్బో అనిపించుకోవడం నాకు మహా సరదా.

మా అక్క బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో గదులు శుభ్రం చేసేది. బావ పోయినాక ఆ పనే ఆమెకు దిక్కు. వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, లాడ్జీకి కొత్తగా తెచ్చిన మిషన్ను మోసుకొని అంగడికి వచ్చింది.

"సిన్నబ్బా, ఇది ముట్టుకుంటే సెయ్యి జివ్వుమంటాండాది. పట్టుకోవచ్చునా, సూడప్పా" అనింది.

మామ ఊళ్ళో లేడు. అంగట్లో నలుగురున్నారు. రబ్బరు వైరు, మూడు పిన్నుల ప్లగ్గు కనిపించినాయి, అంతే, ఇది ఎర్తు ఉండే మోడలక్కా, తడి చేత్తో తాకి ఉంటావు పో, అని నవ్వేసినాను. తమ్ముడు చెప్పినాడు గదా అని, ఆ పిచ్చిది ధైర్యంగా ఎత్తుకొని పోయింది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి జల్లు కొట్టి తడిసిన తివాచీ మీద నిలబడి దాన్ని ఆన్ చేసింది. నేను పరిగెత్తి పోయేసరికి వరండాలో పడుకోబెట్టినారు. ప్రాణం అప్పటికే పోయింది.

మామ వచ్చి ఆ మిషన్ను నా ముందరే విప్పినాడు. లోపలంతా ఆ పాత కాలపుదే. ఎవరో వైరూ ప్లగ్గూ మాత్రం కొత్తవి వేసి, ఎర్తు తీగ కలిపే చోటు లేక దాని కొస కత్తిరించి వదిలేసినారు. నాలుగు స్క్రూలు తీసి ఉంటే నాకు కనబడేది. మామ ఆ నాలుగు స్క్రూలూ నా చేతిలో పెట్టినాడు. చెప్పుతో కొట్టి ఉన్నా బాగుండేది.

ఇప్పుడొచ్చే మిషన్లన్నీ ప్లాస్టిక్కువి, ఏ నెలలో తయారైందో అడుగునే అచ్చేసి ఉంటుంది, వయసు చెప్పే నాలాంటోళ్ళతో ఎవరికీ పని లేదు. పాత విద్య పోతా ఉండాదే అని ఎవరైనా నా దగ్గర బాధపడితే ఒళ్ళు మండుతుంది. పోనీండి, పోతే పోయింది. పట్టుకోవచ్చునా అని అడిగిన తోడబుట్టినదానికి నేను మోడలు చెప్పి పంపినాను.