ఇచ్చట చుట్టలు చుట్టబడును

ఆ దుకాణం బోర్డు మీద మొదట్లో "ఇచ్చట ఫ్యాను చుట్టలు చుట్టబడును" అని ఉండేది. ఎండకీ వానకీ 'ఫ్యాను' అన్న ముక్క కాస్తా చెరిగిపోయింది. మిగిలింది చదువుకుని పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చి, ఘాటైనవి ఓ కట్ట ఇమ్మన్నారు. దుకాణం నడిపే ఆయన రాగితీగ చుట్ట తీసి చూపిస్తే మొహాలు అదోలా పెట్టి వెళ్లిపోయారు. అప్పట్నించీ వీధి మొత్తానికీ ఆయన చుట్టలాయనే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పొగ పీల్చని మనిషికి ఇది అన్యాయమే. కానీ బోర్డుకి రంగు వేయించాలంటే బద్ధకం.

కాలిపోయిన ఫ్యాను తెచ్చి పడేస్తే చాలు, విప్పి, మాడిన తీగ కోసి పారేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, సాయంత్రానికి గిర్రున తిప్పి చూపించేవాడు. ఆయన చేయి పడని ఫ్యాను ఆ వీధిలో లేదు.

దుకాణం కింద, కాపురం పైన. ఉన్న ఒక్క పెద్దగదినీ ప్లైవుడ్ తడికతో రెండు చేశారు. ఇటువైపు చుట్టలాయన, ఆయన భార్య. అటువైపు ఆయన అత్తగారు, ఆవిడ కుట్టుమిషను. తడిక నిలువెత్తు దాటి కాస్త పైకి వెళ్లి, సీలింగుకి అందకుండానే ఆగిపోయింది. అయినా ఇబ్బంది లేకపోయింది, కారణం ఇటువైపు ఫ్యాను. అది తిరుగుతుంటే రోడ్డు రోలరు నెత్తిమీద నడుస్తున్నట్టుండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టలాయన దాని కింద వెల్లకిలా పడుకుని, అత్తగారి మీద వారం రోజులుగా కూడబెట్టుకున్న ఫిర్యాదులన్నీ భార్య చెవిలో పోసేవాడు. ఆ రొదలో వినబడాలంటే గొంతు పెంచాలి కదా, పెంచేవాడు. అది అలవాటైపోయింది.

ఇలా ఉండగా కరెంటాఫీసు వాళ్లు కొత్త పథకం తెచ్చారు. పాత ఫ్యాను అప్పజెబితే, సగం ధరకి కొత్తది ఇస్తారట. పాతది ఒకటి తాగే కరెంటుతో కొత్తవి రెండు తిరుగుతాయట, పైగా రిమోటు. కరెంటు పొదుపు చేస్తే బొగ్గు కాల్చడం తగ్గుతుందని మైకులో ఒకాయన ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. జనానికి బొగ్గు సంగతి ఎంత ఎక్కిందో గానీ రిమోటు మాత్రం బాగా ఎక్కింది. చుట్టలాయన చేతుల మీదుగా బాగుపడిన ఫ్యాన్లన్నీ రిక్షాలెక్కి ఆయన కళ్లముందే ఊరేగుతూ వెళ్లిపోయాయి. దుకాణంలో ఈగలు తోలుకున్నా ఇంకా తీరిక మిగిలిపోయేది.

పథకం వాళ్లు ఆయన్నీ పిలిచారు. కొత్త ఫ్యాన్ల మరమ్మతు నేర్పిస్తాం, నేర్చుకున్నవాళ్లకే ఈ వీధి పని అప్పజెబుతాం అన్నారు. చుట్టలాయన వెళ్లలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం కాలు మీద కాలేసుకుని, అదీ ఓ ఫ్యానేనా, పిల్లలాడుకునే బొమ్మ, లోపల చుట్టలే లేవు, నా స్థాయికి తగిన పని కాదు అన్నాడు. టీ కొట్టు వాడు మాత్రం నవ్వు దాచుకోవడానికి గిన్నె తోముకున్నాడు.

ఓ శనివారం ఆయన బజారుకెళ్లి వచ్చేసరికి రోడ్డు రోలరు మాయం. అత్తగారు రెండు గదుల పాత ఫ్యాన్లూ ఇచ్చేసి, రెండు కొత్తవి బిగించేసింది. అల్లుడు మూతి ముడుచుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాయి. చుట్టలాయన అలవాటు ప్రకారం వెల్లకిలా పడుకుని, అలవాటు ప్రకారం గొంతు పెంచి మొదలెట్టాడు.

"మీ అమ్మకి ఇంట్లో మగాడనేవాడు ఒకడున్నాడని గుర్తుందా అసలు?"

ఫ్యాను ఆగిపోయింది.

ఆయన చూశాడు. భార్య కళ్లతో ఏదో సైగ చేసింది, ఆయనకి అర్థం కాలేదు. అంతలో ఫ్యాను మళ్లీ తిరిగింది.

"చూశావా, కొత్తది, అప్పుడే రోగం. మీ అమ్మ బేరం ఇలాగే ఏడుస్తుంది."

మళ్లీ ఆగింది. భార్య దిండులో మొహం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. చుట్టలాయన ఆ ఊపంతా ఏడుపనుకున్నాడు. పాపం, ఎంత నొప్పించానో అని మెత్తబడ్డాడు. మెత్తబడ్డా గొంతు మాత్రం తగ్గలేదు.

భార్య ఎలాగో నవ్వాపుకుని, "ఫ్యాన్ల మనిషివి కదా, విప్పి చూడరాదూ" అంది.

ఆయన ఆగిన ఫ్యాను కేసి చూశాడు. తర్వాత అన్నాడు. "విప్పితే లోపల నిజంగానే చుట్టలు లేకపోతే? ఇన్నాళ్లూ నేను చేసింది అందులో ఎక్కడా లేకపోతే? విప్పనంత కాలం ఉన్నాయేమోలే అనుకుని బతుకుతున్నా. ఆ క్లాసుకి వెళ్లంది కూడా అందుకే. మీ అమ్మకి మాత్రం చెప్పకు."

ఫ్యాను మెల్లగా తిరగడం మొదలెట్టింది. తడిక మీదుగా అత్తగారి గొంతు వినబడింది.

"చెప్పనక్కర్లేదులే నాయనా. పాత ఫ్యానున్నప్పుడు నీ మాటలు సగమే వినబడి, మిగతాది ఊహించుకోవలసి వచ్చేది. ఇప్పుడు హాయిగా ఉంది."

చుట్టలాయన మొహం దాచుకోవడానికి దుప్పటి కోసం వెతికాడు. ఆ ఎండల్లో ఇంట్లో దుప్పటెక్కడిది.

అత్తగారు రిమోటు చేతపట్టుకుని ఇటువైపుకి వచ్చింది. రెండూ ఒకే రకం ఫ్యాన్లట, తడిక మీదుగా నొక్కితే రెండూ వింటాయట. అల్లుణ్ణి ఉడికించడానికి అంతసేపూ తనూ ఉక్కలో కూర్చున్నదన్నమాట. ఆవిడ నుదుటి మీద చెమట చూసి చుట్టలాయనకి కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది.

"కాలితో తొక్కే మిషనుకి మోటారు పెట్టించినప్పుడు, నేనూ దాన్ని ముట్టుకోకుండా వారం కూర్చున్నాను" అంది ఆవిడ. "స్టూలెక్కు. నేను పట్టుకుంటాను."

మెయిను ఆపి, ఫ్యాను దింపి, నేలమీద పాత పంచె పరిచి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. చుట్టలాయన మరలు ఒక్కొక్కటే ఊడదీసి పంచె మీద పెట్టాడు. మూత లేచింది. బయటి గిన్నె లోపలంతా అయస్కాంతం ముక్కలు, ఓ పక్కన ఆయనకి కొరుకుడుపడని చిన్న సర్క్యూటు పలక. నడుమ మాత్రం, బొద్దుగా, ఎర్రగా, వరసగా, రాగి.

ఆయన వేలితో ఒకదాన్ని తడిమాడు. చుట్టు తర్వాత చుట్టు, మిషను చుట్టిందే అయినా ఒద్దిగ్గా ఉంది.

"చుట్టలే" అన్నాడు నమ్మలేనట్టు. "అత్తయ్యా, చుట్టలే."

"ఆ పలక సంగతి ఆ క్లాసువాళ్లు చెబుతారు. నీ పేరు నిన్ననే రాయించాను" అంది అత్తగారు.

ఇప్పుడు ఆ వీధి కొత్త ఫ్యాన్లు పాడైతే ఆయన దగ్గరికే వస్తున్నాయి. మొదట్లో పలకలు రెండు కాల్చాడు, ఆ మాట టీ కొట్టు దగ్గర ఎత్తడు. బోర్డుకి రంగూ వేయించాడు. రంగు వేసినవాడు ఉన్న అక్షరాలే దిద్ది పోయాడు గానీ, చెరిగిన 'ఫ్యాను' రాయనే లేదు. అంచేత ఘాటైనవి అడిగేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు.

ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం మారాయి. బాగా ఉక్కపోసినప్పుడు చుట్టలాయన వెల్లకిలా పడుకుని, తడిక కేసి తిరిగి, ఎవరేమన్నా సరే, మీ అమ్మలాంటి తెలివైన మనిషి ఎక్కడా ఉండదు అంటాడు, గొంతు బాగా పెంచి.

ఫ్యాను ఒక నంబరు పెరుగుతుంది.