సర్దారు చెప్పిన జబ్బు

ఒక ఆదివారం మా కుక్క గండుకి పిడుదులు ఏరుతుంటే ముందుకాలి మీద నా వేలికి ఏదో తగిలింది. వెంట్రుకలు విడదీసి చూస్తే ఎర్రగా, గుండ్రంగా, శనగగింజంత గడ్డ. నొక్కితే గండు అరవలేదు. అరవకపోవడమే నాకు అనుమానం పుట్టించింది.

గండుకి అప్పటికి ఏడాది నిండలేదు. ఫిజీ దీవుల్లోని నవాకాలో, చెరుకు కూలీల వరసగదుల లైన్లలో నేనూ, ఈడొచ్చిన నా కూతురు పైడీ ఒక గదిలో ఉండేవాళ్లం. నా మొగుడు జ్వరంతో పోయాక, మమ్మల్ని పనిలోకి తోలే సర్దారుకి మా గడప మీద ఎక్కడలేని అక్కర పుట్టుకొచ్చింది. గండు వచ్చాకే అది తగ్గింది. అతని బూట్ల చప్పుడు వింటే చాలు, గండు పళ్లు బయటపెట్టేవాడు. అందుకే గడ్డ చూడగానే నాకు సర్దారే గుర్తొచ్చాడు. సూది గుచ్చాడా? రొట్టెలో ఏమైనా పెట్టాడా?

గుర్రాలను చూడడానికి తెల్ల డాక్టరు వచ్చినప్పుడు గండుని ఎత్తుకెళ్లాను. ఆయన ఇంగ్లీషు మాకు విప్పి చెప్పేవాడు సర్దారే, వేరే దిక్కు లేదు. డాక్టరు గడ్డను అటూ ఇటూ కదిపి "ట్యూమర్" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు.

సర్దారు నా వైపు తిరిగాడు. "డాక్టర్ బోలిస్, మార్ డాలో!" చంపెయ్యాలట, లేకపోతే గుర్రాలకు అంటుకుంటుందట.

గండుని వెనక్కి లాక్కోబోయాను. కానీ డాక్టరు చెయ్యి గండు చెవి వెనక గోకుతోంది. "గుడ్ బాయ్" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు, మా తోట దొర తన కుక్కకు ఎముక వేస్తూ అనేది అదే. చంపమన్నవాడు చెవి గోకుతాడా?

ఆయన గుర్రాల దగ్గరికి పోగానే, "డాక్టరు మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముందే చంపు. అందాకా ముట్టుకోనివ్వను" అన్నాను, వచ్చీరాని హిందీలో. అందరూ చూస్తున్నారని సర్దారు ఊరుకున్నాడు.

గడ్డ పెరిగి బొటనవేలి గోరంత అయింది. పక్కగది అప్పలమ్మత్త అడవిలోంచి ఏదో సొన తెచ్చింది. "ఓలమ్మీ, మన నల్లజీడి సెట్టు ఇక్కడా ఉందే! రాత్తే గెడ్డ మాడిపోద్ది" అని రాసేసింది. మర్నాటికి కాలంతా బొబ్బలు. అది మన చెట్టు కాదు, దానిలాగే ఉండే మరో చెట్టట. ఇక్కడి ఫిజీవాళ్లు దాని నీడన కూడా నిలబడరట. అప్పలమ్మత్త ఏడుస్తూ గండు కాలికి కొబ్బరినూనె రాస్తున్నా, సర్దారు లంచంగా పంచే పొగాకు ఈమెకూ ముట్టిందేమోనని చూస్తూ కూర్చున్నాను.

బొబ్బలు మానాయి. ఆ తర్వాత గడ్డ కూడా తగ్గుతూ వచ్చింది. తగ్గడాన్నీ నమ్మలేదు, లోపలికి పోయిందేమోనని రోజూ తడిమేదాన్ని.

డాక్టరు మళ్లీ వచ్చిన రోజు సర్దారు తుపాకీతో సహా దొరను వెంటబెట్టుకొచ్చాడు. పైడి నా కొంగు పట్టుకుని నిలబడింది. డాక్టరు గండు కాలు తడిమాడు, వెతికాడు, "గాన్!" అని నవ్వి ఖాళీ చెయ్యి చూపించాడు. దొర కూడా నవ్వి తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఏమన్నాడు సర్దార్?" అని అందరికీ వినబడేలా అడిగాను. ఆ రోజు అతనికి ఇంగ్లీషు రాలేదు.

గిర్మిట్, అదే మా కూలి ఒప్పందం, తీరి ఇప్పుడు మాకు సొంత గుడిసె ఉంది. గండు గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడు. ఆ గడ్డ ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో ఈనాటికీ తెలియదు. నేను చెప్పగలిగింది ఒక్కటే: డాక్టరు మాట మీకు ఇంకొకరు చెబుతున్నప్పుడు, కళ్లు మాత్రం డాక్టరు చేతి మీదే ఉంచండి. మా గడప ఇవాళ మాకే మిగిలిందంటే ఆ చెయ్యి చూడబట్టే.