మీటర్ మామ కొలవని లైను

వీధిలో బుడతల నుంచి ముసలాళ్ళ దాకా అందరికీ ఆయన మీటర్ మామే. సిగ్నల్ కొలిచే మీటరు నడుముకి వేలాడేసుకుని, ఇరవై రెండేళ్ళుగా కేబుల్ టీవీ వైర్లు లాగుతున్నాడు. వైరు కొన నాలుక మీద పెట్టుకుంటే ఏ ఇంటి సిగ్నలో రుచే చెప్పేస్తుందని కోతలు కోసేవాడు. ఓ వానాకాలం స్తంభం మీది పెట్టెలో పిడుగుని పట్టి మూత బిగించేశాడట, అది ఇప్పటికీ లోపల బుసలు కొడుతోందట. నమ్మనివాళ్ళని చెవి పెట్టి వినమనేవాడు. విన్నవాళ్ళకల్లా వినిపించింది కూడా. కరెంటు పెట్టె మరి, గుయ్యిమనక ఊరుకుంటుందా!

అలాంటి మామకి నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

అదే వీధి చివర ఆయన చెల్లెలుంటుంది. ఉన్న ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు ఇంట్లోంచే, కంప్యూటరు ముందు కూర్చుని పిల్లలకి లెక్కలు చెప్పే పని ఒకటి చేతికందేలా ఉంది. ఇవాళ మూడింటికి ఆ స్కూలువాళ్ళ ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. కానీ నాలుగు రోజులుగా మధ్యాహ్నమైతే చాలు, అవతలివాళ్ళ మాట ఆమెకి గంట కొట్టినట్టు వినిపిస్తోంది, ఆమె మాట మాత్రం అటు ముక్కలు ముక్కలుగా పోతోంది.

"నోరు తెరిచిన బొమ్మలా ఆగిపోతున్నానట అన్నయ్యా. పాఠం మధ్యలో అలా అయితే నా పని గోవిందా."

"నేను బతికుండగా నీకు బెంగేంటే? నా మాట వైర్లు కూడా వింటాయి."

"వైర్లు నీ మాట వింటే సరిపోదు, వాళ్ళు నా మాట వినాలి!"

సంగతి మామకి తెలియనిది కాదు. టీవీ బొమ్మలూ ఇంటర్నెట్టూ ఒకే లావుపాటి వైరులో, దేని దారిన అది కంట్రోల్ రూం నుంచి దిగివస్తాయి. ఇంట్లో ఉండే మోడెం తనక్కావలసింది ఏరుకుంటుంది. దిగిరావడం ట్యాంకు నీళ్ళలాంటిది, ఇంటింటికీ శుభ్రంగా వస్తుంది. తిరిగి పైకి పోయే దారుందే, అది మురుగు కాలువ. సన్నటిది, అందరిదీ ఒక్కటే. ఒక ఇంట్లో వైరు కొన మూత లేకుండా వదిలేస్తే చాలు, చుట్టుపక్కల మోటార్ల గరగరంతా అది పీల్చుకుని ఆ కాలువలోకి వదులుతుంది. ఒక్క ఇంటి చెత్తకి వీధంతా పొంగుతుంది. అందుకే ఖాళీ కొన కనిపిస్తే మామ ఇంటివాళ్ళని దులిపేసేవాడు: "మూత లేని వైరూ, తాళం లేని ఇల్లూ ఒకటేనమ్మా!"

నాలుగు రోజుల్లో ఎన్ని ఇళ్ళని దులిపాడో లెక్కలేదు. మేడమీద ఇంటావిడైతే అనేసింది: "మా వైరు కుళ్ళిందంటున్నావు సరే, నీ మీటరు ఎప్పుడైనా కడిగావా మామా?"

ఇవాళ రెండున్నరకి స్తంభమెక్కాడు. పెట్టెలోంచి మూడు లైన్లు వెళ్తాయి. ఏ లైనులోంచి గరగర వస్తోందో తెలియాలంటే, ఒక్కో లైను తిరుగుదారిని కాసేపు తప్పించి మీటరు చూడాలి. మొదటిది తప్పించాడు. గరగర తగ్గలేదు. రెండోదీ అంతే. మూడో దాని మీద చెయ్యి పడింది, అక్కడే ఆగింది. నాలుగు రోజులుగా ఆ లైను జోలికి పోలేదు. అది ఆయన స్వయంగా లాగినది. ఆయన ఇల్లూ, చెల్లెలి ఇల్లూ దాని మీదే.

తప్పించాడు. మీటరు మీద గరగర చటుక్కున చచ్చిపోయింది.

 ఆ లైనుని అలాగే వదిలేద్దామా అంటే చెల్లెలి మాట అసలే పైకి పోదు. మళ్ళీ కలిపి దిగాడు. టైము రెండూ నలభై. ఆ లైను మీద ఏడిళ్ళు. చెల్లెలిది మొదట చూశాడు, అన్నీ బాగున్నాయి. తర్వాత ఐదిళ్ళు చూశాడు. ఒకచోట మంచం జరిపించాడు, ఒకచోట అల్మారా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మామ రచ్చంతా తిరిగి తిరిగి, మూడూ పది దాటాక ఇంటికొచ్చాడు.

భార్య రోజూ మధ్యాహ్నాల్లాగే కుట్టుమిషను మీద ఉంది. నాలుగు రోజుల కిందటే దానికి పాత మోటారొకటి బిగించుకుంది. ఆ మోటారు వెనక, గోడ మీద, వేళ్ళాడుతూ ఓ వైరు. ఒకప్పుడు ఆ గదిలో రెండో టీవీ ఉండేది. టీవీ పోయింది, వైరు మిగిలింది. కొనకి మూత లేదు.

"ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు?"

"మిషను ఆపు."

జేబులోంచి మూత తీసి బిగించాడు. ఒక్క నిమిషం పని.

చెల్లెలి ఇంటికి పరిగెత్తేసరికి ఆమె కంప్యూటరు ముందు ఖాళీ చేతులతో కూర్చునుంది.

"మీ మాట అందడం లేదు, తర్వాతివాళ్ళని పిలుస్తున్నాం అన్నారు." అన్నవైపు తిరిగి అడిగింది: "ఆ గరగర ఎవరింట్లోదట?"

"అదీ... ఒక ఉడతుందే, మామూలు ఉడత కాదది, స్తంభం మీద..." మొదలుపెట్టాడు. ఆమె మొహం చూసి మిగతా కథ మింగేశాడు. "మా ఇంట్లోదే. నేనే మూత పెట్టలేదు."

"అందరిళ్ళూ తిరిగి, ఆఖర్న నీ ఇల్లు చూశావా?"

"ఊఁ."

 ఆమె కుర్చీ ఖాళీ చేసి, "కూర్చో. జరిగింది వాళ్ళకి నువ్వే రాయి. ఇంకో అవకాశం అడుగుదాం" అంది.

మామ ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. 'ఇరవై రెండేళ్ళ అనుభవం గల నేను...'

"తీసెయ్."

'చాలా అరుదైన లోపం వల్ల...'

"అరుదేంటన్నయ్యా? మూత లేదు అని రాయి."

'వీధిలో ఒక ఇంట్లో...'

"ఎవరింట్లో?"

మామ వేలు గాల్లో ఆగింది. చివరికి మూడు ముక్కలు మిగిలాయి: 'తప్పు మా ఇంటి వైరుది. మూత పెట్టనిది నేను. ఆవిడ లైను ఇప్పుడు బాగుంది.'

ఆమె చదివి పంపింది. రెప్పపాటులో వెళ్ళిపోయింది. లేవబోయిన మామని భుజం పట్టి కూర్చోబెట్టింది.

"జవాబొచ్చేదాకా ఉండు. ఏదొచ్చినా నువ్వే చదివి చెప్పు."

మామ ఉండిపోయాడు. ఐదయింది. తెర మీద ఏమీ రాలేదు.