బీదర్ దారిలో నేనడిగిన ప్రసాదం

యుద్ధం ముగిసిన చలికాలం అది. ఆబిడ్స్ షాపుల్లో జవాన్ల నిధి డబ్బాలు ఇంకా తీసెయ్యలేదు. నేను పంతులమ్మగా ఉన్న స్కూల్లో పిల్లలచేత స్వెట్టర్లు అల్లించి సరిహద్దుకు పంపించాం. దేశానికి నా వంతు చేసేశానని తృప్తిపడి, రెండు రోజుల సెలవులో బీదర్ కోట చూసొద్దామని మావారిని వేధించాను. పాపను గన్‌ఫౌండ్రీలో మా పక్కవాటావాళ్ల దగ్గర వదిలిపెట్టాం.

నాంపల్లిలో పొద్దున్నే పాసింజరు. మూడో తరగతి టికెట్లు తీసుకున్నాం. వెళ్లదలచినవారు కాస్త ముందే చేరుకోండి, కిటికీ పక్క చోటు దొరుకుతుంది. మాకు దొరికింది. ఎదురుగా బీదర్ వెళ్తున్న ఒక బట్టల వ్యాపారి, ఆయన పక్కన నున్నటి గుండుతో ఇరవయ్యేళ్ల కుర్రాడు కూర్చున్నారు. కుర్రాడి నల్ల ట్రంకుపెట్టె మా రెండు బల్లల మధ్య ఉంది. రైల్లో ఎవరి పెట్టె అయినా అందరికీ భోజనబల్లే కదా. లింగంపల్లి దాటగానే దానిమీద పేపరు పరిచి క్యారియర్ విప్పాను. ఇడ్లీలూ కారప్పొడీ. కుర్రాడికి ఇవ్వబోతే వద్దన్నాడు.

వికారాబాదు దగ్గర అడవి మొదలైంది. మంచు ఇంకా విడలేదు. చెట్ల సందుల్లోంచి ఎర్రమట్టి దారులు కనబడుతుంటే చూస్తూ ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకోదు. మా తెనాలి వైపు గుండు కనబడితే అడిగే మొదటి మాటే అడిగేశాను.

"తిరుపతి నుంచా బాబూ? ప్రసాదం ఏదీ, మాకు పెట్టవా?"

అతను నా మొహంలోకి, తర్వాత పెట్టెవైపు చూశాడు. "ఔ అమ్మా, పెడత. జర క్యారియర్ తీయుండ్రి" అన్నాడు.

పెట్టె తెరిచి, గుడ్డ చుట్టి కుట్టిన ఒక డబ్బా తీశాడు. కుట్లు పళ్లతో కొరికి తెంపి, తలా ఒక నువ్వుల ముద్ద చేతిలో పెట్టాడు. నేను కళ్లకద్దుకున్నాను. అక్కడితో ఆగానా? "కొండమీద నువ్వులుండలు ఎప్పటినుంచి ఇస్తున్నారయ్యా, లడ్డూలు ఇంటికి దాచుకున్నావా?" అని నవ్వాను కూడా. సగం తిని, మిగతా సగం పాప కోసం కొంగున కట్టుకున్నాను.

వ్యాపారి మాత్రం మూసిన పెట్టె మీది తెల్లక్షరాలు చూస్తున్నాడు. "గిది మిలిటరీ పెట్టె గద బిడ్డా. నీదేనా?"

"మా అన్నది" అన్నాడు కుర్రాడు. "లడాయిల పోయిండు. కాశీల అస్థికలు కలిపి, గుండు చేయించుకొని వస్తున్న."

నా నోట్లో నువ్వులు నోట్లోనే ఉండిపోయాయి.

"ఈ ముద్దలు మా అవ్వ చేసి పార్సిల్ పంపింది. అవి చేరేసరికే అన్న లేడు. పెట్టెతోని గిట్లనే వాపసిచ్చిన్రు. నిండు డబ్బా చూస్తే, కన్నబిడ్డ తినకనే పాయెనని అవ్వ బతకది. పారేద్దమని రెండుమాట్ల దర్వాజ కాడికి పోయిన, చేతులు రాలె. మీరడిగిన్రు, దేవుడే అడిగించిండనుకున్న. జహీరాబాద్ వచ్చేలోపు అయిపోవాలె. తినుండ్రి."

నిజం చెప్పాలి. మైలవాళ్ల చేతి తిండి కళ్లకద్దుకున్నానే అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. అది వచ్చినందుకు మరింత సిగ్గుపడ్డాను. ఆ పెట్టెమీదే కారప్పొడి ఒలకబోసుకుని తిన్నాం. మూతకి ఇంకా అంటుకుని ఉన్న పొడిని కొంగుతో తుడిచాను.

మొదట చెయ్యి చాచింది మావారు. డాక్టరు తీపి మానమన్న దగ్గర్నుంచి పండగ పాయసం కూడా ముట్టని మనిషి, కిటికీవైపు తిరిగి వరసగా నమిలారు. వ్యాపారి కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. నేనూ తిన్నాను. బెల్లం పాకం గట్టిగా, మంచి యాలకుల వాసనతో ఉంది. ఎంత ఓపిగ్గా చేసిందో ఆ తల్లి. కోహీరు దాటాక డబ్బా అడుగు కనిపించింది. కుర్రాడు దాన్ని కిటికీలోంచి దులిపి తువ్వాలుతో తుడిచాడు.

"అన్న, ఆయన దోస్తులు కలిసి పంచుకొని తిన్నరని అవ్వకు చెప్త" అన్నాడు.

జహీరాబాద్‌లో వ్యాపారి, మావారు చెరోవైపు పట్టి పెట్టె దించారు. కుర్రాడు నాకు దండం పెట్టాడు. నేను తలెత్తలేకపోయాను.

మధ్యాహ్నానికి బీదర్ చేరాం. బస్టాండు దగ్గర గది శుభ్రంగానే ఉంది, భోజనంలో జొన్నరొట్టెలు బాగుంటాయి. కోట చుట్టూ రాతిలో తొలిచిన కందకాలు, సగం కూలిన పాత మదరసా గోడమీద ఇంకా మెరిసే రంగుపలకలు, తప్పక చూడవలసినవి. నేను మాత్రం ఏ బురుజు దగ్గర నిలబడ్డా, ఇంత కోట కట్టినవాళ్ల ఊళ్లలోనూ పెట్టెలు ఇలాగే తిరిగొచ్చి ఉంటాయనుకున్నాను. ఆ రాత్రి చీర మడుస్తుంటే కొంగుముడి చేతికి తగిలింది. సగం ముద్ద అందులోనే ఉంది.

మర్నాడు తిరుగు రైలెక్కాం. ఎక్కేముందే పాపకు, నల్లలోహంలో వెండి పొదిగిన బిద్రీపని గిన్నె ఒకటి కొన్నాం. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: రైల్లో గుండు కనబడితే ముందు కాస్త జరిగి చోటివ్వండి, ప్రసాదం తర్వాత అడగవచ్చు.

జహీరాబాద్‌లో బండి ఆగింది. చెరకు బళ్లు, వాటి వెనక పెంకుటిళ్లు. ఏ ఇల్లో తెలియదు. కొంగుముడి విప్పాను.

"పాపకన్నావుగా?" అన్నారు మావారు.

"పాపకు కాదు" అన్నాను.

బండి కదిలేలోగా తినేశాను, కొంగులో పడ్డ నువ్వులు కూడా ఏరుకుని. ఆ తల్లి డబ్బా అప్పటికి ఖాళీ అయింది.