ఎమ్మిగనూరులో మగ్గం గుంతంత దేశం

మా ఊరి స్టేజీలో మళ్లీ బస్సు ఆపమని నాలుగేళ్లుగా ఆదోని బస్సు డిపోలో పదకొండు అర్జీలు ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. మూడోదాని మీద గుమాస్తా టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఆ గుండ్రటి మరకను నేను మరిచిపోలేదు. స్టేజీ ఎత్తేసినప్పటి నుంచి నా భార్య మోకాలి నొప్పితో రోడ్డు క్రాసు దగ్గర దిగి రెండు కిలోమీటర్లు నడుస్తోంది.

మొన్న మంగళవారం ఎనిమిదిన్నరకు ఆ డిపోలోనే పన్నెండోది ఇవ్వబోతే, "పాతవే ఉండాయి కదప్పా" అని తలెత్తకుండానే పంపేశారు. ఉగ్గాని, బజ్జీ తిని పదింబావుకు ఎమ్మిగనూరు బస్సెక్కాను. పక్క సీట్లో కౌతాళం ఆమె నా చేతిలో కాగితం చూసింది.

"అర్జీనా? ఎమ్మిగనూరులో ఈరమ్మకియ్యి. సొంతంగా దేశం పెట్టుకోనుండాది. పొద్దు మునిగేలోపల జవాబిస్తాది."

"దేశమా?"

"నవ్వొద్దప్పా. మా పింఛను కాగితం ఇచ్చింటి. పింఛను రాలే గానీ, జవాబొచ్చినాది."

బస్సు మా ఊరిని ఆగకుండా దాటింది. ఎప్పుడూ క్రాసులో దిగేవాణ్ణి, ఆ రోజు దిగలేదు.

పదకొండున్నరకు ఎమ్మిగనూరు. బస్టాండు నుంచి పావుగంట నడక. మగ్గాల చప్పుడు వెంట పోతే చాలు. యాభై దాటిన ఈరమ్మ, నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి నేస్తోంది. ఆ గుంతే దేశం. చుట్టూ పరిచిన ఎర్ర నూలు పోగు సరిహద్దు.

"మామ పోయినాక ఇల్లు పంచినారు" అంది. "తూర్పు గది బావది, మగ్గం మాది. గుంత ఎవురిదో రాయలే. మూడేండ్లు ఆఫీసులో అడిగినా. ఎవురూ సెప్పలే. ఎవురిదీ కాకుంటే దేశమే గదన్నా?"

సముద్రంలో పాత ఇనుప కట్టడం ఎక్కి ఒకడు, రెండు దేశాలూ వద్దన్న ఇసుకలో జెండా పాతి ఒకడు, సొంత పెరట్లోనే ఇంకొకడు దేశాలు పెట్టుకున్నారని ఫోనులో చూసిందట.

"వాళ్లల్లో రాజులుండారు. నాకు ఒకటే చట్టం. అడిగినోళ్లకు జవాబియ్యల్ల. కాళ్లు దించు, బయట కూసుంటే ఎట్ల?"

దించాను. చల్లటి మట్టి పాదాలకు తగిలింది. ఆమె మగ్గం ఆపేసి నా అర్జీ రెండుసార్లు చదివింది. నాలుగేళ్లలో దాన్ని నా ఎదుట ఎవరూ చదవలేదు.

"వదినకు ఏ మోకాలన్నా?"

నాకు తెలియదు.

"కనుక్కోకుండానే పన్నెండు రాసినావా!"

నాలుగింటికి జవాబు చేతికిచ్చింది, నూలు రంగులో అద్దిన ముద్రతో సహా. 'మీ అర్జీ చదివినాము. బస్సు మా దేశంలో లేదు. మీరు అడిగింది న్యాయమే. ఏ మోకాలో కనుక్కుని ఇక్కడ రాయండి.' కింద ఒక గీత ఖాళీగా ఉంది.

ఐదు గంటల బస్సులో ముద్ర చూపించి మా ఊళ్లో ఆపమన్నాను. "బాగుండాదన్నా" అని కండక్టరు తిరిగిచ్చాడు. క్రాసులో దిగి నడిచాను.

"ఎడమది" అంది నా భార్య. "ఇన్నాళ్లకు అడిగినావా?"

ఈరమ్మ దేశానికి వెళ్లాలనుకునేవారు కాళ్లు కడుక్కుని వెళ్లండి. నేను పెద్ద దేశాలేవీ చూడలేదు. నా కాగితం కోసం పని ఆపిన చోటు మాత్రం ఆ గుంత ఒక్కటే.

డిపో అయ్యా, ఎడమ మోకాలు. ఖాళీ నింపాను. ఇప్పుడు మీకు తక్కువైన వివరం ఏదీ లేదు. బస్సు ఆగుతుందా, ఆగదా? జవాబు చెప్పండి.